హాజరు పట్టీలో చేరని గంటలు

కరోనా తొలి కెరటం తగ్గుముఖం పట్టిన తరువాత, 2020 డిసెంబరు 1 నాటికి గానీ అంతకు ముందే గానీ వైద్య కళాశాలలను తెరవాలని కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రాలకు సూచించింది. తెలంగాణలో 2021 ఫిబ్రవరి 1న విద్యాసంస్థలు తెరుచుకున్నాయి. ఆ ఏటి ఎంబీబీఎస్ కొత్త బ్యాచ్‌కు జాతీయ స్థాయిలో నిర్ణయించిన ప్రారంభ తేదీ కూడా అదే. మార్చి 24న రాష్ట్ర ప్రభుత్వం విద్యాసంస్థలను తిరిగి మూసివేసినప్పుడు సైతం వైద్య కళాశాలలను మినహాయించింది. ఇవన్నీ ఉత్తర్వుల్లో నమోదైన తేదీలు. వీటి పక్కన పెట్టి చూడవలసిన తేదీ మరొకటి ఉంది. లింగంపల్లి నుంచి చందానగర్, హఫీజ్‌పేట మీదుగా సికింద్రాబాద్, నాంపల్లి, ఫలక్‌నుమాల వైపు నడిచే ఎంఎంటీఎస్ రైళ్లు 2020 మార్చిలో ఆగిపోయి, 2021 జూన్ 23న గానీ మళ్లీ కదలలేదు.

కళాశాల తలుపులు తెరిచినవారు కళాశాలకు చేరే దారిని తెరవలేదన్నమాట. సొంత వాహనం ఉన్న ఇంటి పిల్లలకు ఈ రెండు తేదీల నడుమ ఉన్న దాదాపు ఐదు నెలల ఎడం కంటికి కూడా ఆని ఉండదు. మెట్రో రైలు 2020 సెప్టెంబరు 7న తిరిగి మొదలైన మాట నిజమే. అయితే అది మియాపూర్ దగ్గర ఆగిపోతుంది. చందానగర్ ఆ గీతకు అవతల మిగిలిపోయిన బస్తీ. పైగా ఎంఎంటీఎస్‌లో కనీస చార్జీ 5 రూపాయలైతే, మెట్రోలో ఈ చివరి నుంచి ఆ చివరికి అప్పట్లో 60 రూపాయలు. సిటీ బస్సులు సెప్టెంబరు 25న నాలుగో వంతు బండ్లతో రోడ్డెక్కాయి. పటాన్‌చెరులో బయలుదేరి చందానగర్ మీదుగా కోఠికి పోయే 218, సికింద్రాబాద్‌కు పోయే 219 నంబరు బస్సులే ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల వైపు శిక్షణకు వెళ్లవలసిన పేదింటి విద్యార్థులకు మిగిలిన ఆధారం. నర్సింగ్ చదివే అమ్మాయి, లాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరిన అబ్బాయి, రిజర్వేషన్ సీటులో ఎంబీబీఎస్‌కు ఎంపికైన తొలితరం విద్యార్థి ఆ బస్సు ఫుట్‌బోర్డు మీదనే కలుసుకున్నారు.

ప్రత్యక్ష బోధనకు తిరిగి వచ్చిన ఆరోగ్య శాస్త్రాల విద్యార్థులు తమ సమయాన్ని ఎలా సర్దుకుంటున్నారన్నది కరోనా అనంతరం వైద్య విద్యా రంగంలో ప్రపంచమంతటా చర్చకు వచ్చిన విషయం. ఆ చర్చలో తరచుగా వినిపించే సలహాలు మనకూ కొత్తవి కావు. రోజును గళ్లుగా విభజించుకోవాలి, ముఖ్యమైన పనులను ముందు చేయాలి, ఫోన్‌ను దూరంగా పెట్టాలి, నిద్రకు వేళ నిర్ణయించుకోవాలి. మన కళాశాలల్లోనూ ‘సమయపాలన’ పేరిట వర్క్‌షాపులు జరుగుతున్నాయి. (ఆ వర్క్‌షాపుల ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథులు గంట ఆలస్యంగా రావడం వేరే కథ.) సలహాల్లో తప్పేమీ లేదు. వాటి అడుగున ఉన్న ఊహలోనే చిక్కంతా ఉంది. రోజుకు 24 గంటలు అందరికీ సమానంగా దక్కుతాయని, వాటిని వాడుకోవడంలోనే మనిషికీ మనిషికీ తేడా వస్తుందని ఆ ఊహ. అంటే వెనుకబడినవాడు వాడుకోవడం చేతకానివాడు. ప్రతిభ గురించి మనం దశాబ్దాలుగా వింటున్న వాదమే ఇప్పుడు గడియారం తొడుక్కొని వచ్చింది.

అమెరికన్ ఆర్థికవేత్త క్లేర్ వికరీ 1977లోనే పేదరికాన్ని ఆదాయంతో మాత్రమే కొలవడం చాలదని, కాలంలోనూ పేదలుంటారని వాదించారు. మన దేశంలో జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాల వినియోగ సర్వే, వేతనం లేని ఇంటిపనిలో పాల్గొనే స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు ఆ పనికి వెచ్చిస్తున్నారని తేల్చింది. 2024 సర్వే నాటికి ఆ అంకెలు 289, 88 అయ్యాయి. ఐదేళ్లలో స్త్రీకి పది నిమిషాలు తగ్గితే పురుషుడికి తొమ్మిది నిమిషాలు తగ్గాయి. ఈ దామాషాలో సమానత్వం ఏ శతాబ్దానికి వస్తుందో గణితం తెలిసినవారు చెప్పాలి. ఈ సగటు వెనుక ఉన్న మరో సంగతిని కూడా గుర్తించాలి. పనిమనిషిని పెట్టుకున్న ఇల్లూ, పనిమనిషిగా వెళ్లే తల్లి ఉన్న ఇల్లూ ఆ ఒక్క అంకెలోనే కలిసిపోయి ఉన్నాయి.

చందానగర్‌లో ఈ రెండిళ్లూ ఒకే పిలుపు దూరంలో కనిపిస్తాయి. ఒకవైపు రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ టౌన్‌షిప్. ప్రభుత్వ రంగంలో రిజర్వేషన్ ద్వారా ఉద్యోగం దొరికిన దళిత బహుజన కుటుంబాలకు క్వార్టరు, బడి, జీతం తేదీ అనే మూడు స్థిరత్వాలను ఒకేసారి ఇచ్చిన చోటు అది. క్వార్టరు పక్కనే బడి ఉండడం అంటే పిల్లవాడి చేతిలో రోజుకు రెండు గంటలు మిగలడం. ఒక తరం అక్కడి నుంచే ఇంజనీర్లుగా, డాక్టర్లుగా ఎదగడానికి కారణాల్లో ఈ రెండు గంటలూ ఒకటి. మరోవైపు నల్లగండ్ల దిక్కున ఆకాశహర్మ్యాలు. ఇంకోవైపు పాపిరెడ్డి కాలనీలోని రాజీవ్ గృహకల్ప ఇళ్లు, గంగారం సందుల్లోని అద్దె గదులు. ఆ గదుల్లో తెల్లవారుజామున లేచిన స్త్రీలు ఆకాశహర్మ్యాల వంటింట్లోకి ఎనిమిది గంటలకల్లా చేరుతారు. వారి కూతురు నర్సింగ్ విద్యార్థిని అయితే, తల్లి బయటకు వెళ్లిన తరువాత సొంత వంటింటి బాధ్యత ఆమెది. ఒక అపార్ట్‌మెంట్ పిల్లకు మిగిలిన గంట ఎక్కడి నుంచి వచ్చిందో వెతికితే, అది ఈ కూతురి దినచర్యలోంచి వచ్చిందని తేలుతుంది. కాలం మాయం కాదు, చేతులు మారుతుంది.

2020 మార్చి తరువాత ఈ కారిడార్‌లోని సాఫ్ట్‌వేర్ సంస్థలు తమ గడియారాన్ని సడలించాయి. ఉద్యోగులు ఇంటి నుంచి పనిచేశారు, ఆపైన వారంలో కొన్ని రోజులు మాత్రమే కార్యాలయానికి వెళ్లే హైబ్రిడ్ పద్ధతి స్థిరపడింది. ట్రాఫిక్‌లో పోయే గంటలు వృథా అని సంస్థలే లెక్కలు చెప్పాయి. అదే రోడ్డు మీద, అదే ట్రాఫిక్‌లో, అంతకంటే దూరం వెళ్లే ఆరోగ్య విద్యార్థి గంటలను ఏ సంస్థా వృథా కింద రాసుకోలేదు. ఆ ఉద్యోగికి దక్కిన సడలింపు అక్రమమని అనడం నా ఉద్దేశం కాదు. ఎవరి సమయానికి విలువ ఉందో, ఎవరి సమయం లెక్కలోకే రాదో చెప్పడానికి చందానగర్ చౌరస్తా కంటే మంచి పాఠ్యపుస్తకం లేదని మాత్రమే చెబుతున్నాను.

అలాగని ఆన్‌లైన్ చదువే మేలన్న నిర్ధారణకు రావడం పొరపాటు. 2017-18 నాటి జాతీయ శాంపిల్ సర్వే 75వ రౌండ్ ప్రకారం దేశంలో కంప్యూటరు ఉన్న ఇళ్లు 10.7 శాతం, ఇంటర్నెట్ సదుపాయం ఉన్నవి 23.8 శాతం. గ్రామాల్లో కంప్యూటరున్న ఇళ్లు 4.4 శాతం మాత్రమే. హాస్టల్ ఖాళీ చేయించి విద్యార్థిని ఊరికి పంపడమంటే, దళితవాడలోని ఒంటిగది ఇంటికి, తమ్ముడితో పంచుకోవలసిన ఒక ఫోన్‌కు, కూలికి పిలుపు వస్తే కాదనలేని పరిస్థితికి పంపడమే. షాద్‌నగర్‌కు చెందిన ఒక పేదింటి అమ్మాయి, ఢిల్లీలో పేరున్న కళాశాలలో గణితం చదువుతూ, ల్యాప్‌టాప్ కొనుక్కోలేక, చదువు ఇంటికి భారమవుతోందన్న వేదనతో 2020 నవంబరులో ప్రాణం తీసుకున్న సంగతి మనం మరచిపోకూడదు. అందరికీ ఒకే లైటు కింద కూర్చునే గ్రంథాలయం, వేళకు అన్నం, పక్కన కూర్చున్నవారి నోట్సు: ఇవి దొరికే చోటు కళాశాల ఒక్కటే. పైగా వైద్యం చేతులతో నేర్చుకునే విద్య. నాడి చూడడం, సూది వేయడం, శవపరీక్ష గదిలో నరాన్ని రక్తనాళం నుంచి వేరుచేసి గుర్తుపట్టడం ఫోన్ తెర మీద అబ్బవు. 2019 ఆగస్టులో కొత్త సామర్థ్యాధారిత పాఠ్యప్రణాళికతో చేరిన ఎంబీబీఎస్ బ్యాచ్ మొదటి సంవత్సరం 13 నెలలు కాగా, ఏడు నెలలకే తలుపులు మూతపడ్డాయి. ఇంట్లో వైద్యులున్న విద్యార్థి ఆ లోటును భోజనాల బల్ల దగ్గర కొంత పూడ్చుకోగలడు. తక్కినవారికి తరగతి గది తప్ప వేరే దిక్కు లేదు. కాబట్టి ప్రత్యక్ష బోధన పీడిత కులాల విద్యార్థికి హక్కు. తలుపు తెరిచి, లోపలికి వచ్చే వేళను మాత్రం పాత యజమానుల సౌకర్యం ప్రకారమే ఉంచడం గురించే నా ఫిర్యాదు.

హాజరు నిబంధనలను చూడండి. ఎంబీబీఎస్‌లో థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కు 80 శాతం హాజరు ఉండాలి. భారత నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం బీఎస్సీ నర్సింగ్ విద్యార్థి పరీక్షకు కూర్చోవాలంటే థియరీలోనూ ప్రాక్టికల్‌లోనూ 80 శాతం కావాలి. పట్టా చేతికందాలంటే క్లినికల్ విభాగాల్లో నూటికి నూరు శాతం పూర్తి చేయాలి. రోగి ప్రాణంతో ముడిపడిన చదువు గనుక నూరు శాతం అడగడంలో న్యాయముంది. మరి లాక్‌డౌన్‌లో పోయిన క్లినికల్ గంటలను ఎప్పుడు పూర్తి చేయాలి? సాయంత్రాలు, ఆదివారాలు, పండుగ సెలవులు తప్ప మరో చోటు లేదు. గాంధీ ఆసుపత్రి ఉదాహరణ తీసుకోండి. 2020లో దానిని పూర్తిగా కోవిడ్‌కు కేటాయించారు. నవంబరులో సాధారణ సేవలు మొదలై విద్యార్థులు ఊపిరి పీల్చుకునేలోగా, 2021 ఏప్రిల్‌లో మళ్లీ కోవిడ్‌కే అంకితమైంది. ఆగస్టులో గానీ సాధారణ రోగులకు తలుపులు తెరుచుకోలేదు. ప్రసూతి, శస్త్రచికిత్స, పిల్లల వార్డులలో నేర్చుకోవలసిన పని ఆ నెలల్లో అక్కడ లేనే లేదు. మిగిలిన గంటల బాకీ అంతా విద్యార్థి పేరిటే నమోదైంది. హాస్టల్లో ఉన్నవారికి ఆ బాకీ తీర్చడం శ్రమ. చందానగర్ నుంచి వచ్చేవారికి అది శ్రమతోపాటు అదనపు ప్రయాణం.

ఒక రోజు లెక్క వేద్దాం. ఉదయం ఎనిమిది గంటలకు కోఠి ప్రాంతంలోని వార్డులో ఉండాలంటే, 20 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న విద్యార్థిని ఆరున్నర లోపు బస్టాపులో నిలబడాలి. అంతకు ముందు నీళ్లు పట్టాలి, వంట కావాలి. అంటే నాలుగున్నరకు లేవాలి. మధ్యాహ్నం దాకా వార్డు, ఆపైన తరగతులు. సాయంత్రం ఐదింటికి బయలుదేరితే అమీర్‌పేట, కూకట్‌పల్లి దాటి ఇల్లు చేరేసరికి ఏడు. ఇంటిపనికి మరో గంటన్నర. ఎనిమిదిన్నరకు పుస్తకం తెరిచిన మనిషి మరునాడు నాలుగున్నరకు లేవాలంటే పదిన్నరకైనా పడుకోవాలి. ఇక చదువుకు మిగిలింది రెండు గంటలు. కళాశాల ప్రాంగణంలోనే ఉన్న సహవిద్యార్థినికి ఇదే రోజున తేలికగా ఐదు గంటలు మిగులుతాయి. వారానికి ఆరు రోజుల చొప్పున చూసినా 18 గంటల తేడా. ఈ తేడాను ప్రణాళికా పుస్తకంలో రంగురంగుల గళ్లు గీసి పూడ్చడం ఎవరి తరం?

ఆ రెండు గంటలైనా అందరికీ ఒకే రెండు గంటలు కావు. తెలుగు మాధ్యమంలో పది, ఇంటర్ చదివి వచ్చినవారు చౌరాసియా అనాటమీలో ఒక పేజీని రెండుసార్లు చదువుతారు. మొదటిసారి ఆంగ్లం కోసం, రెండోసారి అనాటమీ కోసం. పుస్తకంలో ఏది చదవాలో చెప్పేవారు చాలామందే ఉంటారు. ఏది చదవకుండా వదిలేయవచ్చునో చెప్పేవారు మాత్రం కుటుంబంలోనో, సొంత వర్గపు సీనియర్లలోనో దొరకాలి. సమయం ఆదా చేసే జ్ఞానం చాలావరకు ఇలాంటి గుసగుసల్లోనే ప్రవహిస్తుంది. పాత ప్రశ్నపత్రాలు, పరీక్షకుడి అభిరుచులు, ఏ యూనిట్‌లో ఏ ప్రొఫెసర్ ఎంతకు రౌండ్స్‌కు వస్తారన్న సమాచారం, ఇవన్నీ హాస్టల్ గదుల మధ్య కుల సంబంధాల వెంట కదిలే సరుకు. ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల స్థితిగతులపై సుఖదేవ్ థోరట్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 2007లో ఇచ్చిన నివేదిక, అధ్యాపకుల తోడ్పాటులోనూ, హాస్టళ్లలోనూ, తోటి విద్యార్థుల సాంగత్యంలోనూ వివక్షను నమోదు చేసింది. దానిని దుర్భాషలు, అవమానాల నివేదికగానే మనం చదివాం. అధ్యాపకుడు తలుపు దగ్గర ఒక విద్యార్థికి ఇచ్చే పది నిమిషాలు, మరొకరికి ఇవ్వని పది నిమిషాలు కూడా ఒక పంపకమేనని చదవలేదు.

ధ్రువపత్రాల కోసం పోయే కాలం మరొకటి. జనరల్ సీటులో సంపన్న కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థి ఫీజు ఒక బటన్ నొక్కడంతో ముగుస్తుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడిన విద్యార్థి కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, మీసేవలో వేలిముద్ర, ఈ-పాస్ దరఖాస్తు, ఏటా దాని రెన్యువల్, కళాశాలలో పత్రాల సమర్పణ అనే మెట్లెక్కాలి. సర్వర్ పనిచేయని రోజున వెనక్కి రావాలి. తహసీలు కార్యాలయంలో, మీసేవ ముందు గడిచిన పూటలు హాజరు పట్టీలో గైర్హాజరుగానే నమోదవుతాయి. ఆ హాజరు తగ్గితే మళ్లీ ఉపకార వేతనానికే ఎసరు. ఇంత చేసినా సొమ్ము వేళకు రాదు. 2025 నవంబరులో రాష్ట్రంలోని ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం బంద్ పాటించిన సంగతి తెలిసిందే. యాజమాన్యం బకాయి భారాన్ని విద్యార్థి మీదికి నెట్టినప్పుడు, అతడు రాత్రిపూట మెడికల్ షాపులోనో, డెలివరీ బండి మీదనో గంటలను అమ్ముకుంటాడు. ప్రభుత్వం చెల్లించని రూపాయిని విద్యార్థి తన నిద్రతో చెల్లిస్తున్నాడు.

ఆరోగ్య రంగంలోని వృత్తులన్నీ ఒకే వరుసలో లేవన్నది దీనికి తోడు. అంబేద్కర్ కుల వ్యవస్థను అంచెల అసమానతగా గుర్తించారు. పైవాడికి పెరిగేకొద్దీ గౌరవం, కిందివాడికి పెరిగేకొద్దీ చిన్నచూపు అనే ఆ అమరిక మన ఆసుపత్రి వార్డులో పొల్లుపోకుండా కనిపిస్తుంది. రక్తాన్ని, ప్రసవాన్ని మైలగా ఎంచిన సమాజం పురుడు పోసే పనిని మంగలి, మాదిగ వంటి కులాల స్త్రీలకు అప్పగించింది. ఊరంతటినీ భూమ్మీద పడేసిన మంత్రసానిని ఊరి చివరే ఉంచింది. క్రైస్తవ మిషన్ ఆసుపత్రులు ఆ అంటు పనినే శిక్షణ, జీతం, యూనిఫారం ఉన్న వృత్తిగా మార్చినప్పుడు దళిత క్రైస్తవ స్త్రీలు మొదటి వరుసలో అందులోకి వచ్చారు. పని గౌరవం పొందింది గానీ వార్డులోని అంచె కరగలేదు. వైద్య విద్యార్థి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే ట్రాఫిక్. నర్సింగ్ విద్యార్థిని ఆలస్యంగా వస్తే క్రమశిక్షణారాహిత్యం. వైద్య విద్యార్థి కేసు షీటు ముందు నిలబడి నేర్చుకునే గంటలో, నర్సింగ్ విద్యార్థిని సిబ్బంది కొరతను పూడ్చే ఉచిత కార్మికురాలిగా పరుపుల మీద దుప్పట్లు మారుస్తూ ఉంటుంది. ఆ గంట కూడా ఆమె శిక్షణ గంటగానే లెక్కకెక్కుతుంది. ఆమె కింద లాబ్ టెక్నీషియన్ విద్యార్థి, ఆపైన వార్డు బాయ్, చివర పారిశుద్ధ్య కార్మికురాలు. కిందికి దిగేకొద్దీ హాజరు కఠినమవుతుంది, మినహాయింపు మాయమవుతుంది, కులం పేరు చిక్కబడుతుంది.

డ్యూటీ జాబితా ఎవరి చేతిలో ఉంటే వారి చేతిలోనే అధికారం ఉంటుంది. వరంగల్ కాకతీయ వైద్య కళాశాలలో అనస్థీషియా పీజీ మొదటి సంవత్సరం చదువుతున్న లంబాడా విద్యార్థిని డాక్టర్ ప్రీతి 2023 ఫిబ్రవరి 26న నిమ్స్‌లో మరణించారు. ఆ ఉదంతంలో ఒక సీనియర్‌పై ర్యాగింగ్ నిరోధక చట్టంతోపాటు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కిందా కేసు నమోదైంది. అంతకు ముందు, 2019 మే 22న, ముంబయిలో ఆదివాసీ వైద్యురాలు పాయల్ తడ్వి మరణంలో ముగ్గురు సీనియర్లు నిందితులయ్యారు. నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానాలే. అయితే జూనియర్ డాక్టర్ రోజులోని ప్రతి గంటా సీనియర్ మాట మీద నడిచే వ్యవస్థలో, కులద్వేషానికి ఆయుధం వేరే వెతుక్కోనక్కరలేదన్నది అందరికీ తెలిసిన సంగతే. రెసిడెంట్ వైద్యుల నిరంతర విధి మామూలుగా 12 గంటలు, వారానికి 48 గంటలు మించరాదని కేంద్ర ప్రభుత్వం 1992లోనే ఆదేశించింది. జాతీయ వైద్య కమిషన్ నియమించిన టాస్క్‌ఫోర్స్ 2024లో ఆ పరిమితిని 74 గంటలుగా సిఫారసు చేసింది! ముప్పై రెండేళ్లలో 48 కాస్తా 74 అయింది. అదే సంస్కరణగా చలామణీ అవుతోంది.

మన ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనను. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చింది. నర్సింగ్ విద్యార్థినులకు అది చిన్న ఊరట కాదు. చార్జీ మిగిలింది, గంటలు మిగలలేదు. జిల్లాకో వైద్య కళాశాల విధానంలో 2022 నవంబరులో ఒకేరోజు ప్రారంభమైన ఎనిమిది కళాశాలల్లో సంగారెడ్డిది ఒకటి. చందానగర్ మీదుగా పోయే అదే ముంబయి హైవే మీద, నగరపు రద్దీకి ఎదురు దిశలో ఉందది. సీట్లు పెరగడం దళిత బహుజన విద్యార్థికి నిస్సందేహంగా మేలు. కానీ సీటు లెక్కకట్టిన శాసనం ఆ సీటు దాకా నడిచే దూరాన్ని లెక్కకట్టలేదు. రిజర్వేషన్ ప్రవేశ ద్వారం దగ్గర పనిచేస్తుంది. ద్వారం దాటాక టైమ్‌టేబుల్ రాసే గదిలో దాని జాడ ఉండదు.

చేయగలిగిన పనులు పెద్ద ఖర్చుతో కూడినవేమీ కావు. శేరిలింగంపల్లి మండలంలో ప్రభుత్వ భూములు ఐటీ పార్కులకు దొరికినట్లే, నర్సింగ్, పారామెడికల్ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ హాస్టళ్లకూ దొరకాలి. హాస్టల్ అన్నం వేళను వార్డెన్ సౌకర్యాన్ని బట్టి కాక ఆసుపత్రి షిఫ్టును బట్టి నిర్ణయించాలి; ఆరున్నరకు బయలుదేరవలసిన అమ్మాయికి ఎనిమిదింటికి వడ్డించే టిఫిన్ కాగితం మీదే ఉంటుంది. కరోనా కాలంలో అధ్యాపకులు రికార్డు చేసిన పాఠాలు చాలాచోట్ల ప్రత్యక్ష తరగతులు రాగానే మూలన పడ్డాయి. వాటిని విద్యార్థులందరికీ అందుబాటులో ఉంచితే, ధ్రువపత్రం కోసం మీసేవకు పోయిన పూట పాఠం పోదు. పాఠం రికార్డు ఉంటే తరగతికి ఎవరూ రారని నా సహోద్యోగులు కొందరు భయపడతారు. తరగతికి రావడానికి హాజరు భయం తప్ప వేరే కారణం లేకపోతే, సరిదిద్దవలసింది తరగతిని.

కుల, ఆదాయ ధ్రువపత్రాల పరిశీలనను ప్రభుత్వ శాఖలు తమలో తామే కంప్యూటర్ల ద్వారా ముగించుకోగలవు. భూముల రిజిస్ట్రేషన్‌కు సాధ్యమైనది విద్యార్థికి అసాధ్యం కాదు. క్లినికల్ శిక్షణను విద్యార్థి నివాసానికి దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో కొంత భాగం పూర్తిచేసే అవకాశం ఇవ్వవచ్చు. చందానగర్ వారికి కొండాపూర్ ఏరియా ఆసుపత్రి, పటాన్‌చెరు ఆసుపత్రి కూతవేటు దూరంలో ఉన్నాయి. అక్కడ రోగులకు కొరత లేదు. నేర్పే అధ్యాపకుడిని వారానికి రెండు రోజులు అక్కడికి పంపితే చాలు. ఒక అధ్యాపకుడు 20 కిలోమీటర్లు వెళ్లడమా, నలభైమంది విద్యార్థులు రోజూ 20 కిలోమీటర్లు రావడమా అని ఏ కళాశాలలోనైనా ప్రశ్నించి చూడండి. జవాబు ఇంతకాలం ఎటు మొగ్గిందో అందరికీ తెలుసు.

ప్రతి కళాశాలలోనూ టైమ్‌టేబుల్ కమిటీ ఒకటుంటుంది. విభాగాధిపతులు, ఒక గుమాస్తా కలిసి జూన్‌లోనో జూలైలోనో ఒక పూట కూర్చుని ఏడాది పొడవునా వందలమంది లేచే వేళను, తినే వేళను, నిద్రపోయే వేళను నిర్ణయిస్తారు. ఆ బల్ల చుట్టూ ఇప్పటిదాకా విద్యార్థికి కుర్చీ లేదు. 218 నంబరు బస్సులో వచ్చే నర్సింగ్ విద్యార్థిని ఒకరిని, హాస్టల్ దొరకని ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థులను ఇద్దరిని అక్కడ కూర్చోబెట్టడానికి జాతీయ కమిషన్ అనుమతి అక్కరలేదు, శాసనసభ తీర్మానం అక్కరలేదు. ప్రిన్సిపాల్ సంతకం సరిపోతుంది.